బోధన్ పిల్లల నోట ఫ్యాక్టరీ సైరన్

గుడికి బయల్దేరేవాళ్లు మామూలుగా భక్తితోనో భయంతోనో బయల్దేరతారు. నేను మా అక్క పోరు పడలేక బయల్దేరాను. మర్నాడు నిజామాబాద్ ఆసుపత్రిలో ఆమె కడుపులోని గడ్డకు ఆపరేషన్. గట్టెక్కవచ్చు, ఎక్కకపోవచ్చు అన్నట్టు డాక్టరు గోడమీది పిల్లిలా మాట్లాడాడు. అక్కకేమో డాక్టరు కన్నా బోధన్ శక్కర్‌నగర్ పోశమ్మ మీదే గురి. మంచం మీద నుంచే, "నా బదులు నువ్వు మొక్కి రావే" అని పట్టుబట్టింది. మా బాపు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, మేమిద్దరం ఆ క్వార్టర్లలోనే పెరిగాం. బాపు పోయిన నాటి నుంచి నేను దేవుడితో మాటలు మానేశాను. ఆ సంగతి తెలిసి కూడా అక్క నన్నే పంపింది. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు, కాదనలేకపోయాను.

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కోసం కాచుకోవాల్సిన పనిలేదు, ఒకటి పోతే ఇంకోటి. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే టికెట్టు డబ్బులు ఉండవు, కాకపోతే సీటూ ఉండదు. మధ్యాహ్నం మూడున్నర బస్సెక్కి, జానకంపేట, ఎడపల్లి మీదుగా గంటలోపే దిగాను. నా చిన్నప్పుడు ఈ దారికి రెండువైపులా చెరుకే ఉండేది. బెల్లపు మడ్డి వాసన ముక్కుకు తగిలిందంటే బోధన్ వచ్చినట్టే. ఇప్పుడు కోసిన వరిమళ్లు, మధ్యలో అక్కడక్కడ తెల్లగా పూతకొచ్చిన చెరుకు. వాసన రాకపోయేసరికి దిగాల్సిన చోటు దాటిపోతున్నానేమోనని ఒకసారి లేచి నిలబడ్డాను కూడా.

బస్టాండు బయట చాయ్ తాగి ఆటో మాట్లాడుకున్నాను. పోను, రాను, అక్కడ ఆగడానికి కలిపి రెండు వందలన్నాడు డ్రైవరు సాయిలు. ఎక్కడికో చెప్పగానే అతని ముఖం మారింది.

"పొద్దుగూకంగ గాడికెందుకక్క? రేపు పొద్దుగాల పోదం."

"రేపు నాకు వీలుకాదన్నా. ఇవాళే పోవాలి."

"సరే గని, నేను రోడ్డు మీదనే ఉంట, లోపలికి రాను. గాడ సైరన్ మోగుతదంటరు."

"ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్లయింది! కరెంటే లేని చోట సైరన్ ఎలా మోగుతుంది?"

"గదే కదక్క నేను గూడ అంటున్నది" అన్నాడు సాయిలు. గుడికి కాస్త దూరంలో రోడ్డు మీదే ఆటో ఆపాడు.

పోశమ్మ గుడి అంటే మనిషి నడుమెత్తు గది, సున్నం గోడల మీద పసుపు కుంకుమ చారలు. వెనక చెరుకు తోట, దానికవతల ఫ్యాక్టరీ పొగగొట్టం. చలికాలం కావడంతో ఐదున్నరకే వెలుగు పలచబడింది. తోట మీదికి మంచు దిగుతోంది. దీపం వెలిగించి, చేతులు జోడించి, నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు. 'అక్కను బతికించు' అనడం ఎంతసేపు? ఆ రెండు ముక్కలూ అనలేకపోయాను.

అప్పుడు మోగింది. కిందిస్థాయిలో మొదలై, మెల్లగా పైకి లేచి, అక్కడే ఆగి సాగింది. బాపు డ్యూటీ దిగే సైరన్ అది. చిన్నప్పుడు అది వినగానే నేనూ అక్కా గుమ్మంలోకి పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు కాళ్లు కదల్లేదు. భయమేసింది, దాచుకోవడమెందుకు. తోట వైపు నుంచే వస్తోంది. ఆటో దగ్గరికి పోదామంటే దీపం ఆరిపోతుందేమోనని ఇంకో భయం. చివరికి గోడ పట్టుకుని గుడి వెనక్కి తొంగిచూశాను.

అక్కడ ముగ్గురు చిన్నపిల్లలు పొగగొట్టం వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నోటికి అరచేతులు అడ్డం పెట్టుకుని కూస్తున్నారు. కూత ఆపి, చేతులు జోడించి, కదలకుండా ఉండిపోయారు. ఎవరూ కళ్లు మూసుకోలేదు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు.

"ఇదేం ఆటమ్మా?" అన్నాను.

వాళ్లలో పెద్దది, ఏడేళ్లుంటాయేమో, అక్షర అట పేరు, వేలు పెదాల మీద పెట్టింది. "సప్పుడు చెయ్యకు ఆంటీ. ఆట కాదు. పోశమ్మను పిలుస్తున్నం."

"పిలిచి ఏమడుగుతారు?"

"ఏమడగం. వింటం."

"ఏం వినిపిస్తుంది?"

"ఒక్కోపారి ఏం ఇనవడది" అంది అక్షర తేలిగ్గా. "గప్పుడు రేపొస్తం."

పక్క గట్టు మీద గడ్డి మోపు కట్టుకుంటున్న వాళ్ల అవ్వ గంగవ్వ నవ్వుతూ వచ్చింది. "నా పెనిమిటి బాయిలర్ కాడ పనిచేస్తుండె బిడ్డా. సైరన్ కొడితే, మనిషి పానంతోని బయటికొచ్చిండని దండం పెడుతుంటి. ఫ్యాక్టరీ బందయింది, ఆయన పోయిండు. ఈ చేతులకు మాత్రం అలవాటు పోలే. చేతులు జోడిస్తే నోట్లె గదే కూత వస్తది. వీండ్లేమో మొక్కుడంటే గిట్లనే అనుకున్నరు." మోపు నెత్తికెత్తుకుని ఆమె ముందు నడిచింది.

ఆ పిల్లలు పుట్టేనాటికే సైరన్ లేదు. ఎన్నడూ వినని చప్పుడును వాళ్లు అవ్వ నోటి నుంచి నేర్చుకున్నారు.

"నువ్వు గూడ పిలువు" అంది అక్షర. సిగ్గుపడుతూనే అరచేతులు అడ్డం పెట్టుకున్నాను. అసలు సైరన్ చివర్లో దగ్గినట్టు రెండుసార్లు తెగేది, పిల్లలకది తెలియదు. నేను దాన్నీ కలిపి కూశాను. తర్వాత వాళ్లలాగే ఊరుకున్నాను. చెరుకాకుల గరగర కూడా ఆగిపోయింది. నాకేమీ వినిపించలేదు. ముగ్గురు పిల్లలూ మాత్రం ఒక్కసారే పొగగొట్టం వైపు తలలు తిప్పారు.

"ఇనవడ్డదట" అంది అక్షర.

"నాకేం వినిపించలేదమ్మా."

"నీకు గాదు. పండుకున్నామెకు."

అక్క గురించి నేను ఎవరికీ చెప్పలేదు. సాయిలుకు కూడా చెప్పలేదు. ఎవరి గురించి అంటున్నావని అడిగేలోపే పిల్లలు అవ్వ వెనక పరుగెత్తారు. నేను చెప్పులు చేతబట్టుకుని ఆటో దాకా వచ్చేశాను. సాయిలు అప్పటికే బండి స్టార్ట్ చేసి ఉంచాడు. "రెండుసార్లు మోగింది కదక్క?" అన్నాడు. పిల్లలు కూశారని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు.

మర్నాడు ఆపరేషన్ చెప్పినదానికన్నా చాలా ఆలస్యమైంది. వరండాలో బెంచీ మీద కూర్చుంటే మళ్లీ మాటలు రాలేదు. అరచేతులు అడ్డం పెట్టుకుని, పక్కవాళ్లు వింతగా చూస్తున్నా, సన్నగా కూశాను. ఊరుకుని విన్నాను. ఏమీ వినిపించలేదు. ఆ ఊరుకోవడంలోనే, ఇన్నేళ్లూ నేను మాటలు మానేశాను గానీ వినడం ఎన్నడూ మొదలే పెట్టలేదని తెలిసి ఏడుపొచ్చింది.

సాయంత్రానికి అక్కకు తెలివొచ్చింది. పెదాలు తడిపితే కళ్లు సగం తెరిచి అడిగింది: "బాపు డ్యూటీ దిగిండానే? సైరన్ ఇనవడ్డది. సివర్ల దగ్గింది గూడ."

"దిగిండక్కా" అన్నాను.

అక్క ఇప్పుడు లేచి తిరుగుతోంది. మందు మత్తులో పాత జ్ఞాపకాలు లేస్తాయని డాక్టరు అన్నాడు, అయ్యుండొచ్చు, నేను వాదించలేదు. ప్రార్థనంటే అడగడమనుకుని, అడగడానికి నోరు రాక నేను దూరంగా ఉండిపోయాను. పిలిచి ఊరుకోవాలనీ, జవాబు రాకపోతే రేపు మళ్లీ రావాలనీ ఆ పిల్లలకు ఎవరూ నేర్పలేదు. పొరపాటుగా నేర్చుకున్న మొక్కు వాళ్లది. నా దగ్గర ఇప్పుడున్నదీ అదే.

మీరూ వెళ్తే ఒక్క జాగ్రత్త: తిరిగి రావడానికి కూడా బోధన్‌లోనే ఆటో మాట్లాడుకుని, పొద్దుగూకకముందే గుడికి చేరండి. తోట వైపు నుంచి కూత వినిపిస్తే ఎక్కడిదా అని వెతక్కండి, ఆగేదాకా నిలబడండి. ఆగిన తర్వాత కూడా కాసేపు నిలబడండి. మీకేమీ వినిపించకపోతే దిగులుపడకండి, అది మీకోసం మోగి ఉండకపోవచ్చు.