తాయెత్తు కట్టిన ఎడమ చెయ్యి

వంటింట్లోంచి ఉడకబెట్టిన పచ్చి శెనక్కాయల వాసన రాగానే, తడి మట్టి, కొత్త పొట్టు, మా జేజి నూరే ఊరిబిండి పచ్చడిలోని ఎండుమిరప ఘాటు అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చి, డోన్ దగ్గరి మా పల్లెలో, చేనులో పీకిన కాయలు నడవంతా కుప్పపోసి ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని ఒలిచిన యాభైల నాటి రోజులు కళ్లముందుకొస్తాయి.

అందరికంటే వేగంగా ఒలిచేది నా చెల్లెలు ఓబులమ్మ. ఎడమ చేత్తో ఒలిచేది. సంగటి కూడా ఆ చేత్తోనే తినబోయేది. అదే మా నాయినకు గిట్టలేదు.

"రేపు అత్తగారింట్ల ఎడం చేత్తో వడ్డిస్తే పెంచినోళ్ల మొగాన ఉమ్ముతారు" అంటూ తువ్వాలుతో ఆ చేతిని దాని నడుముకు కట్టేశాడు. మొదట తిండివేళ మాత్రమే. పోను పోను పొద్దంతా. కుడిచేత్తో తింటే సంగటి ఒళ్లో పడేది, పడితే దెబ్బ. కొన్నాళ్లకు మాట మొదటి అక్షరం దగ్గరే తట్టుకోసాగింది. వీధి పిల్లలు వెక్కిరించారు. పక్క తడపడం, కనుబొమ్మల వెంట్రుకలు పీక్కోవడం మొదలై, చివరికి మాట్లాడటమే మానేసింది. గాలి సోకిందని ఊరంతా తేల్చింది. నేను అయిదో తరగతితో బడి మానేసి, తర్వాత చేతికందిన పుస్తకమల్లా చదువుకున్నవాణ్ణి. జబ్బుల పెద్ద పెద్ద పేర్లు నాకు నోరు తిరగవు. కానీ ఇప్పటికీ కోపంతోనే చెబుతాను, ఆ జబ్బును మా ఇంట్లోనే, ముడి మీద ముడి వేసి, మావాళ్లే తయారుచేసి గాలి మీదికి తోశారు.

అమావాస్యనాడు నాలుక మీద వాత పెట్టించాలని నాయిన వాతలు పెట్టే మనిషికి కబురంపాడు. ఆ మధ్యాహ్నమే నాయిన తల్లి, మా జేజి, ఓబులమ్మను చంకనేసుకుని ఊదు పొగల పీర్ల చావిడికి పోయి, అక్కడి సాయిబు చేత తాయెత్తు కట్టించుకొచ్చింది.

"ఆడబిడ్డకు ఎడం చేతికే కట్టాలంటప్పా. తాయెత్తుండే చేతికి ఇంకో ముడి పడగూడదంట, బిడ్డకు నిప్పు సూపీగూడదంట. మీరితే కట్టినోని చెయ్యి పడిపోతాదంట."

"ఎవురన్న్యారు?"

"పో, సాయిబునే అడుగుపో."

నాయిన పోలేదు. తువ్వాలు మాత్రం విప్పాడు. వాతలు పెట్టే మనిషి వస్తే వాకిట్లోంచే పంపేశాడు.

పీర్ల పండగకు బొరుగులూ బెల్లమూ పంచుతుంటే ఓబులమ్మ ఎడమ చెయ్యి చాచి, "జేజీ, నాకింగా" అంది. ఎక్కడా తట్టుకోలేదు. జేజి తన ఒడిలోవన్నీ దాని ముందు కుమ్మరించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఊరు తాయెత్తును మెచ్చుకుంది. చాలా ఏళ్లకు సాయిబు నాతో నవ్వుతూ, "నేను తాయెత్తు ఒకటే ఇచ్చినానప్పా. మాటలన్నీ మీ జేజివే" అన్నాడు.

జేజి లేదు, నాయిన లేడు. ఆ నడవా, ఆ కాయల కుప్పలూ లేవు. బిడ్డల చేతులు కట్టేసే అలవాటూ పోయింది. దాన్ని తలుచుకుని ఒక్క నిట్టూర్పు కూడా విడవను. ఎదురుగా ఓబులమ్మ పొద్దున్నుంచి ఊరి సంగతులు చెబుతూనే ఉంది.

"ఆ నోటికి అలుపు లేదేమే" అన్నాను.

"ఉండాది. నువ్వు తినన్నా" అని, ఎడమ చేత్తో ఒలిచిన గింజలు నా అరచేతిలో పోసి, ఆపినచోటి నుంచి మళ్లీ అందుకుంది.