సిస్టర్ వదిలిన లేసుకు నూలు

వనపర్తిలో మా చిన్న దవాఖానను చూసుకునే కేరళ సిస్టర్‌కు చూపు మందగించింది. ఆమెను సొంత ఊరిలోని కన్యస్త్రీల మఠానికి పిలిపించుకున్నారు. వెళ్తూ తన లేసు దిండును నా గదిలో పెట్టింది. రంపపుపొట్టు కూరిన గట్టి దిండు, దాని నిండా గుండుసూదులు, నూలు చుట్టిన కర్ర బాబిన్లు ఇరవై జతలు. ఆ బాబిన్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ, మెలితిప్పుతూ పోతే లేసు తయారవుతుంది. ప్రార్థన బల్ల గుడ్డకు అంచు వేద్దామని మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.

పదకొండేళ్లు పక్కపక్క గదుల్లో ఉన్నాం. నాకు పెళ్లి కాలేదు. మందులిచ్చే పని ముగిశాక సాయంత్రాలు ఆమె దగ్గర కూర్చొని ఆ అల్లిక నేర్చుకున్నాను. ఆమె వెళ్లాక అవతలి గదిలో కుర్చీ జరిపిన చప్పుడు కూడా లేదు. ఉండబట్టలేక దిండు ముందేసుకున్నాను. నాలుగు రోజులకే బాబిన్లలో నూలు అయిపోయింది.

అది ఏ నూలో నేనెప్పుడూ అడగలేదు. బజారులో మిషన్ దారం కొన్నాను. నున్నగా జారిపోయి, వేసిన మెలిక వేసినట్టే విడిపోయింది. క్రోషా దారం తెచ్చాను. లావుగా ఉండి లేసు కన్నాలన్నీ పూడిపోయాయి. చివరికి మఠానికి ఫోన్ చేశాను.

"ఎవరు మాట్లాడేది?" అంది సిస్టర్.

"నేను సిస్టర్, వనపర్తి నుంచి. మీ పక్క గది."

"వనపర్తిలో చాలామంది ఉన్నారు బిడ్డా. దేవుడు అందరినీ చల్లగా చూడాలి."

చూపుతో పాటు జ్ఞాపకమూ మందగించిందని అర్థమై, నూలు సంగతి అడగలేకపోయాను. ఫోన్ పెట్టేసి, ఆ పూట అన్నం వండుకోలేదు.

ఆదివారం గద్వాల బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి నేతపనివాళ్ల ఊరు రాజోలి వెళ్లాను. ఒక మగ్గం ఇంటి అరుగు మీద పెద్దామె నూలు చుడుతోంది. నేర్చుకునే రోజుల్లో సిస్టర్ నూలుతో అల్లిన లేసు ముక్క చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కొసన ఒక పోగును గోటితో విప్పింది.

"గిది రెండు పోగులు కలిపి గట్టిగ పురి పెట్టిన నూలమ్మా. పేక నూలు తీస్కపోకు, దానికి పురి తక్కువ. గుంజితే తెగుతది. పడుగుది ఇస్త, ఇంక గంజి పెట్టలే."

ఒక పెన్సిల్‌కు పాత పోగు, దాని పక్కనే కొత్త పోగు చుట్టి చూసుకున్నాను. వేలి వెడల్పులో రెండింటికీ ఒకే లెక్కన చుట్లు పట్టాయి. తడి వేళ్లతో రుద్దినా నూగు లేవలేదు.

"ఒక్కదానివే వచ్చినవా? జర కూసో, చాయ్ తాగి పో," అంది. బస్సు వేళ దాటిపోయేదాకా కూర్చున్నాను.

రెండు నెలల్లో అంచు పూర్తయింది. పాత సగం కొంచెం పసుపెక్కింది, కొత్త సగం తెల్లగా ఉంది. టీ నీళ్లలో ముంచితే రంగు కలిసేదే. ముంచలేదు.

కొత్తగా వచ్చిన సిస్టర్ ఆ అంచు కుట్టిన గుడ్డను ప్రార్థన బల్ల మీద పరిచి, "బాగుంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

"అల్లిందే. సగం నేను," అన్నాను.

"మిగతా సగం?"

చెప్పబోయేలోపు ఎవరో రోగి పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఖాళీ దిండు మీద కొత్త నమూనా కాగితం గుచ్చి, బాబిన్లన్నిటికీ రాజోలి నూలు చుట్టడం మొదలుపెట్టాను.