అడవి గేటు దగ్గర అన్నం గిన్నెలు

మాది పాడి కుటుంబం. మా ఇళ్లలో మిగిలిన అన్నం పారేయడం పాపం. పశువుకు పెడితే పుణ్యం. నేను కోడలిగా సంతోష్‌నగర్ వచ్చిన ఏడాది, పెళ్లిలో మిగిలిన గంపెడన్నం మా మరిది ఒక్క పూటలో బర్రెకు పెట్టాడు. వద్దన్నది నేనొక్కదాన్నే. "మొన్న వచ్చినదానివి, నీకేం ఎరుక?" అన్నది మా అత్త. మర్నాడు కడుపుబ్బి బర్రె చచ్చిపోయింది. ఆ బర్రెను అందరూ మరిచారు. ఆ మాటను నేను మరవలేదు.

ఏళ్లు గడిచాక, మోకాళ్ల నొప్పులకు డాక్టర్ నడవమన్నాడని, నగరం అంచున ఉన్న జింకల అడవికి పొద్దున్నే బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను. అది రక్షిత అడవి. అయినా ఆదివారం వస్తే కార్లు లోపలి గడ్డి మైదానం దాకా పోయేవి. ఫంక్షన్లలో మిగిలిన బగారన్నం తెచ్చి జింకల ముందు కుప్పలుగా పోసేవారు. కవరు చప్పుడైతే చాలు, జింకలు కార్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చేవి.

మా బర్రె సంగతి చెప్పి, జింకలకు అన్నం పెట్టనివ్వొద్దని ఫిర్యాదు రాసి అటవీ అధికారికి ఇచ్చాను. ఆయన చదవకుండానే మడతపెట్టి, "ఇది మీ బర్ల కొట్టం కాదమ్మా, అడవి" అన్నాడు. పక్కన ఇద్దరు గార్డులు నవ్వారు.

"అడవి అనే చెప్తున్న సారూ. కొట్టమైతె నేనే సూసుకుందు" అన్నాను.

అప్పటి నుంచి ప్రతి సోమవారం ఒక ఫిర్యాదు ఇచ్చాను. నకలు మీద ముట్టినట్టు సంతకం పెట్టేదాకా కదలలేదు. నన్ను చూడగానే గార్డులు, "వచ్చిందిరా భాయ్, సోమవారమమ్మ!" అనేవారు. వాళ్లిద్దరి ముఖాలూ నాకు బాగా గుర్తు.

ఏడో సోమవారం దారి పక్కన ఒక ఆడజింక పడి ఉంది. ఎడమ డొక్క ఉబ్బి ఉంది. ఆఫీసుకు పరుగెత్తాను.

"పశువుల డాక్టర్‌ను పిలువుండ్రి సారూ! అన్నం తిన్నది అది."

డాక్టర్ వచ్చేసరికే ప్రాణం పోయింది. కోసి చూస్తే కడుపు నిండా పులిసిన అన్నం, రెండు కవర్లు. ముందే ఎవరు గుర్తుపట్టారని డాక్టర్ అడిగాడు. అధికారి నోరు తెరవకముందే నేను చెప్పాను: "నేనే సారూ. బర్ల కొట్టంల నుంచి వచ్చినదాన్ని."

అధికారి తల వంచుకున్నాడు. నాకు తృప్తి కలగలేదంటే అబద్ధం. కానీ చచ్చిన జింక ముందు అది ఎంతోసేపు నిలవలేదు.

ఆ వారం నాకు కుర్చీ వేసి, ఏం చేద్దామని అడిగాడు. కార్లు బయటి గేటు దగ్గరే ఆపాలన్నాను. లోపలికి గార్డు వెంట, గుంపుకు కొద్దిమందే, నడిచే వెళ్లాలి. మైదానంలోకి ఎవరూ దిగొద్దు. తిండి గేటు దాటొద్దు. బోర్డు పెట్టిస్తానన్నాడు. బోర్డు ఎవరూ చదవరు, మనిషి నిలబడాలన్నాను. ఎవరూ ముందుకు రాకపోతే ఆదివారాలు నేనే నిలబడ్డాను.

మొదటి ఆదివారమే చాంద్రాయణగుట్ట నుంచి ఒక పెద్దాయన ఆటోలో గిన్నెడన్నంతో దిగాడు. మాటల్లో ఆయనదీ పాడి వ్యాపారమేనని తెలిసింది.

"అమ్మవారి పేరు మీద పెట్టెటిది. ఆపేటందుకు నువ్వెవరమ్మా?"

"బాపూ, గింత అన్నం ఒక్క పూటల మీ బర్రెకు పెడ్తవా?"

"పాగల్ అనుకున్నవా? కడుపుబ్బి సస్తది."

"మరి దీని కడుపు ఇనుముతోని చేసిండ్రా?"

ఆయన గిన్నె మూత బిగించి మళ్లీ ఆటోలో పెట్టి, ఉత్త చేతులతో గార్డు వెంట లోపలికి నడిచాడు.

వానలు పడ్డాక ఒక పొద్దున మలుపు తిరగగానే ఒక జింక ఎదురైంది. నా చేతి సంచీలో మందుల కవరు ఉంది. చప్పుడైంది. జింక చెవులు నిక్కబొడుచుకుని, నా వైపు ఒక్క చూపు చూసి, గడ్డిలో పడి పారిపోయింది.

నన్ను ఎవరు కాదనుకుని వెళ్లినా ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేదాన్ని. ఆ జింక పారిపోయినందుకు మాత్రం దారిపొడవునా నవ్వుకుంటూ నడిచాను.