సుల్తాన్ నాడాలు

ఆత్మకూరులో మా స్నేహితుడు కొత్త ఇంటి గుమ్మానికి గుర్రపు నాడా కొట్టించాడు. అదృష్టమట. దాన్ని చూడగానే నాకు సుల్తాన్ గుర్తొచ్చింది.

సుల్తాన్ మా అబ్బా ఉదయగిరిలో పెళ్ళి ఊరేగింపులకు తిప్పిన గుర్రం. దానికి ఆయన నాడాలు కొట్టించేవాడు కాదు. “ఒట్టి కాలైతేనే రాయి మీద పట్టు ఉంటాదిరా,” అనేవాడు. నేను నమ్మలేదు. నాకే చెప్పులు కొననివాడు గుర్రానికేం కొంటాడు అనుకున్నాను.

ఒకసారి ఆత్మకూరు నుంచి ఒక పెళ్ళిపెద్ద వచ్చి సుల్తాన్‌ను నడిపించి చూశాడు. “ఏంది సాయిబూ, చప్పుడే లేదే! వచ్చేది పెళ్ళికొడుకా, పాలోడా? నాడాలన్నా కొట్టించు, లేదంటే ఇంకో గుర్రాన్ని చూసుకుంటాం,” అన్నాడు.

చేతిలో ఉన్నది ఆ ఒక్క గిరాకీయే. అబ్బా నాడాలు కొట్టించాడు.

పెళ్ళిరోజు పెళ్ళికొడుకుని ఎక్కించుకుని సిమెంటు రోడ్డు మీద సుల్తాన్ టకటకా నడుస్తుంటే మా దరిద్రం తీరిపోయిందనుకున్నాను. కల్యాణమండపం ముందు నున్నటి బండలు అప్పుడే కడిగారు. సుల్తాన్ జారి పడింది. పెళ్ళికొడుక్కి ఏమీ కాలేదు గానీ తలపాగా దొర్లిపోయింది. అందరూ తలపాగా వెంట పరుగెత్తారు. సుల్తాన్ కాలు విరిగిందని చూసింది అబ్బా ఒక్కడే.

అది మళ్ళీ లేవలేదు. పూడ్చే ముందు అబ్బా దాని పక్కన కూర్చుని నాలుగు నాడాలూ ఊడబెరికాడు. అంగట్లో తిరిగి ఇచ్చేస్తాడు కాబోలనుకున్నాను.

“నీకూ ఒకటి తెప్పించేదా? బాగా కలిసొస్తాదిరా,” అన్నాడు స్నేహితుడు.

“వద్దులేరా,” అన్నాను. “మా ఇంట్లో నాలుగుండాయి.”