చీర మీద నంబరు

మా బాపు సూరత్‌లో ముప్పయ్యేళ్లు పరాయి సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. పోయినేడు ఊరి శివార్లలోని జోల్వాలో ఒక షెడ్డు మాట్లాడుకుని, నాలుగు పాత సాంచాలతో సొంతంగా చీరలు మొదలుపెట్టాడు. ఈ పండుగలకు సరుకు పోకపోతే మళ్లీ సేఠ్ కారఖానాకే వెళ్లాలని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

నేను ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తాను. మనిషికో సర్వర్ పెట్టడానికి మేమేమన్నా మిల్లు ఓనర్లమా? ఒకటే అద్దెకు తీసుకుని అందరినీ అందులోనే సర్దాను. మొదట చేరింది బాపు చీరల సైటు. దానికి బాపు పేరే పెట్టాను. తర్వాత పక్కింటి చిన్నమ్మ అమ్మే తొక్కు పచ్చళ్లు, ఆ పైన కుట్టు నేర్పే అక్క క్లాసులు వచ్చాయి. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఒకే గదిలో ఎట్లా సర్దుకుంటారో, సైట్లూ అట్లాగే సర్దుకున్నాయి. నాకు భలే ముచ్చటగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ బాపు ఫోన్ మోగింది. మంచిర్యాల బట్టల షాపాయన. శాంపిల్ చీరలు పంపింది ఆయనకే. మా ఆశంతా ఆయన మీదే.

"ఏందే అన్నా, చీరలు చూద్దామని నీ సైటు తెరిస్తే మామిడికాయ తొక్కు కనబడవట్టె! గిదేం యాపారమే? నమ్మచ్చునా నిన్ను? శాంపిళ్లు వాపస్ పంపాల్నా ఏంది?"

ఆయన గొంతు ఫోన్ దాటి కంచాల ముందున్న మా అందరికీ వినబడింది. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి, మిగిలిన శాంపిల్ చీర ఒకటి లాగి చూశాను. లేబుల్ మీద సైటు పేరు లేదు. ఐపీ అడ్రస్ అంటారే, ఆ సర్వర్ నంబరు ఉంది! చుక్కలు పెట్టి మరీ ముద్రించిన నంబరు.

"ఓరి దేవుడా! నంబర్ ఎవలు కొట్టియ్యమన్నరే బాపూ? పేరు రాసిచ్చిన గద నీకు! చదువుకున్న బిడ్డ మాట ఇంటే అరిగిపోతవా?" అని అరిచేశాను. నా నోరు అంతే, కోపం వస్తే ఆగదు.

"నువ్వే గోడకు అంటుపెట్టినవ్ గద బిడ్డా గా నంబర్. అప్పుడు కొట్టి చూసిన. మన చీరలే వచ్చినయ్" అన్నాడు.

నిజమే, అప్పుడు సర్వర్‌లో ఉన్నది మేమొక్కళ్లమే. తర్వాతే చిక్కంతా. ఆ నంబరు కారఖానా పెద్ద గేటు లాంటిది. గేటు ఒకటే, లోపల షెడ్లు చాలా. ఫలానా పేరు కోసం వచ్చానంటే వాచ్‌మన్ సరిగ్గా ఆ షెడ్డుకే పంపుతాడు. పేరు చెప్పకుండా వచ్చినవాణ్ణి వరుసలో మొదటి షెడ్డులోకి తోసేస్తాడు. ఇంగ్లిష్ అక్షరాల వరుసలో చిన్నమ్మ సైటు ముందొచ్చింది. మంచిర్యాలాయనకు తొక్కు దక్కింది.

వరుస మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బాపు సైటును ముందుకు జరిపాను. గొడవ విని వచ్చిన చిన్నమ్మ, "నా తొక్కులు ఏడవోయినయే?" అని గుమ్మంలోనే నిలబడి బెంగపడింది. "యాడికి పోలే చిన్నమ్మా, పేరు కొట్టినోళ్లకు నువ్వే కనబడుతవ్" అని చెప్పాక గానీ కదల్లేదు.

షాపాయనకు మళ్లీ తెరిచి చూడమని చెప్పి, ఆయన ఫోన్ కోసం కూర్చున్నాం. అప్పుడు అడిగాను, పేరుండగా నంబరెందుకని. బాపు కంచంలో మెతుకులు కెలుకుతూ అన్నాడు.

"ముప్పయ్యేండ్లు నన్ను ఏడో నంబరోడనే పిలిసిండ్రు బిడ్డా. ఏడో సాంచా నాది. నెల పగార్ చిట్టీ మీద గూడ గదే. బట్ట మీద పేరంటే సేఠ్‌దే ఉంటది. నా పేరు కొట్టిస్తే జనం నవ్వరా?"

నేను అరిచిన అరుపులన్నీ తిరిగొచ్చి నాకే తగిలాయి. సిగ్గేసింది. అమ్మ కత్తెర తెచ్చి, చీరకున్న లేబుల్ కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఫోన్ మోగింది. బాపు స్పీకర్ పెట్టాడు.

"మంచిగున్నయే అన్నా చీరలు. రెండు మూటలు పంపు. గని నీ పేరేంది? లేబుల్ మీద పేరే లేకపాయె. ఎవలు నేసిండ్రంటే గిరాకికొచ్చినోళ్లకు ఏం చెప్పాలె నేను?"

అమ్మ కత్తెర ఆగింది. బాపు నావైపు చూసి, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

"రాసుకుంటున్న, జర మెల్లగ చెప్పే అన్నా" అన్నాడాయన.

బాపు మెల్లగా, మళ్లీ చెప్పాడు.