చొక్కా అంచు

అమెరికాలో, అరోరా ఊళ్లో మా పక్కింటాయన్ని తలచుకుంటే ముందు ఆయన కుడిచేయి గుర్తొస్తుంది. అది ఎప్పుడూ చొక్కా అంచును కిందికి లాగుతూ ఉండేది.

గ్యాస్ స్టేషన్‌లో ఎవడో బెదిరించి కారు పట్టుకుపోయినప్పటి నుంచి ఆయనకు కుదురు లేదు. తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి క్యారీ లైసెన్స్ తెచ్చుకున్నారు. పిస్టల్ చూడ్డానికి తోడు రమ్మంటే వెళ్లాను. కాల్చి చూసే షూటింగ్ రేంజ్‌లో పెద్ద పిస్టల్ ఆయన చేతిలో నిలకడగా నిలిచింది, చిన్నది పేల్చినప్పుడల్లా ఎగిరింది. అయినా షాపులో చిన్నదాన్నే కుడిపక్క నడుముకు పెట్టుకుని, చొక్కా కప్పి, అద్దం ముందు అటూ ఇటూ తిరిగారు.

"కనిపిస్తోందా? నిజం చెప్పవయ్యా."

"లేదండీ."

మాతో వచ్చిన వాళ్లావిడ అద్దంలోకి చూసింది. "గుడి దగ్గర చెప్పులు విడుస్తాం. మరి దీన్నెక్కడ విడుస్తారు?" అంది.

ఆయన చిన్నదాన్ని కౌంటర్ మీద పెట్టేశారు. "పెద్దదే ప్యాక్ చేయించు. రేంజ్‌కి తప్ప లాకర్‌లోంచి తియ్యను" అన్నారు.

తర్వాతి ఆదివారం గుడి మెట్ల మీద మా పాప "అంకుల్!" అంటూ పరుగెత్తి ఆయన్ని వాటేసుకోబోయింది. ఆయన గభాల్న కుడిపక్క చేయి అడ్డం పెట్టి, పాపను ఎడమవైపుకి తిప్పుకున్నారు.

"ఏమీ లేదయ్యా, అలవాటు" అన్నారు, నేనేమీ అడగకముందే.

నవ్వాను. పాపను మాత్రం నేనే ఎత్తుకున్నాను.