హుస్సేనీ ఆలం పల్లెటూరామె

ఆగమ్మ పుట్టింది పాతబస్తీ హుస్సేనీ ఆలంలో, మెట్టింది మొఘల్‌పురాలో. నడిస్తే పావుగంట దూరం. నలభై ఏళ్ళలో ఆమె ఊరు మారిందంటే అంత దూరమే. ఫలక్‌నుమా దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారం క్యాంటీన్‌లో రోజూ మూడువందల మందికి ఉప్మా వండి పెట్టేది. నాగలిని మాత్రం సినిమాలోనే చూసింది.

అలాంటి ఆగమ్మను 1979 డిసెంబరులో ఆఫీసరుగారి భార్య శారదమ్మ పల్లెటూరి మనిషిని చేసింది.

బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఆరుగురు ఆఫీసర్ల భార్యలు రెండు రోజులకు వస్తున్నారు. శనివారం చార్మినార్, మ్యూజియం, గాజుల దుకాణాలు. ఆదివారం ఊరవతల మామిడితోటలో అసలైన తెలంగాణ పల్లె వంట తమ చేతులతో నేర్చుకోవడం. నేర్పడానికి ఒక పల్లెటూరామె కావాలి. శారదమ్మ ఎరిగిన పనివాళ్ళలో చేతిమీద పచ్చబొట్టు ఉన్నది ఆగమ్మ ఒక్కతే.

"నీది ఏ ఊరు ఆగమ్మా?"

"హుస్సేనీ ఆలం అమ్మా."

"అది కాదు. అసలు ఊరు?"

"అసలుదే చెప్పిన గదమ్మా."

"మీ తాతగారిదైనా?"

"పాలమూరు దిక్కట. నేనైతే ఆయన్ని సూడలే."

"అది చాలు," అని శారదమ్మ ఊపిరి పీల్చుకుంది.

శనివారం సంచులు మోయడానికి కూడా ఆగమ్మనే పిలిచారు. పదేళ్ళుగా మ్యూజియం ముందునుంచి బస్సులో పోతూనే ఉన్నా, లోపల అడుగుపెట్టడం అదే మొదటిసారి. గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొడితే బొంబాయి ఆడవాళ్ళతోపాటు ఆమె కూడా నోరు తెరిచింది. "రోజూ ఇలాగే కొడుతుందా?" అని ఒకావిడ హిందీలో అడిగితే, "రోజూ ఇంతే, ఒక్క రోజు తప్పదు," అని పాతబస్తీ ఉర్దూలో ధీమాగా చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోయింది.

"పల్లెటూరి మనిషికి ఇంత చక్కని భాష ఎలా వచ్చింది?"

"రేడియో బాగా వింటుంది లెండి," అంది శారదమ్మ.

ఆ సాయంత్రం సంగతి విని పక్కింటి షౌకత్ బీ కడుపు పట్టుకుని నవ్వింది. "తూ కబ్ సే గావ్‌వాలీ బన్ గయీ గే? పల్లెటూరిదానివి ఎప్పుడైనవే? నిన్ను తోటలో ఇడిసిపెడితే బస్టాండు కూడ దొరకదు నీకు!"

"నవ్వు, నవ్వు. జొన్నరొట్టె ఎట్ల జేస్తరో జర చెప్పరాదు?"

"నాకేం ఎరుక? నేను గూడ నీ గల్లీదాన్నే గదా!"

ఆదివారం పొద్దున వ్యాను మామిడితోటకు చేరింది. శారదమ్మ తెచ్చిన ముతక చీర కట్టుకుని, ఆగమ్మ మట్టిపొయ్యి ముందు కూర్చుంది. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు, క్యాంటీన్‌లో పెద్ద బర్నరు తప్ప ఆమె చేతికి మరో పొయ్యి తెలియదు. కందికట్టె అంటుకోక తోటంతా పొగ నిండింది. ఆరుగురికీ కళ్ళ నీళ్ళు కారాయి. "ఎంత సహజంగా ఉంది!" అని ఒకావిడ ముక్కు తుడుచుకుంది.

పిండి చన్నీళ్ళతో కలిపింది ఆగమ్మ. మొదటి రొట్టె మూడు ముక్కలైంది, రెండోది పెనం దాకా కూడా రాలేదు.

తోట కాపలాదారు భార్య నాగమణమ్మ ఇదంతా చూస్తూ నిలబడి ఉంది. ఇక ఓపిక పట్టలేక వచ్చి పక్కన కూర్చుంది.

"జొన్నపిండికి ఉడుకునీళ్ళు వొయ్యాలె వదినా," అని గొంతు తగ్గించి చెప్పింది. "జరుగు, నేను జేస్త."

ఆమె చేతుల్లో రొట్టెలు పున్నమి చంద్రుల్లా లేచాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫొటో తీసే వేళకు మాత్రం ఒకావిడ ఇబ్బందిగా శారదమ్మ చెవిలో ఏదో చెప్పింది. నాగమణమ్మ నైలాన్ చీరలో ఉంది, చేతులకు ప్లాస్టిక్ గాజులు. ఆమె పల్లెటూరి మనిషిలా లేదట. పక్కకు తప్పుకోమన్నారు. రొట్టె పట్టుకుని ఆగమ్మ ఒక్కతే ఫొటోలో నిలబడింది. 

ఆరుగురూ తిని, చాపలమీద కునుకు తీస్తుంటే, గిన్నెలు తోమే చోట ఆగమ్మ నోరు విప్పింది.

"తప్పయింది వదినా. చేసింది నువ్వు, ఫొటో నాది."

"ఫొటో ఏం జేస్కుంటం గనీ, నీకు పట్నం బగారన్నం వస్తదా? మావోని పెండ్లి ఉన్నది. మా దిక్కు ఒక్కలకు రాదు."

ఆగమ్మ ముఖం వెలిగింది. బగారా, అంటే దావతుల్లో వండే మసాలా అన్నం, ఆమెకు షౌకత్ బీ నేర్పిన విద్య. షాజీరా ఎప్పుడు వెయ్యాలి, ఉల్లిగడ్డ ఎంత ఎర్రగా వేగాలి, పుదీనా ఏ దశలో చల్లాలి, అన్నీ చెప్పింది. చెప్తుండగానే తోట పక్క ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరి చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు జరగాల్సిన వంటపాఠం అలా జరిగింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు గురకపెడుతున్నారు.

నెల తర్వాత ఫొటో కర్మాగారం పత్రికలో అచ్చయింది, "పల్లె తల్లి చేతి రొట్టె" అన్న మాటతో. క్యాంటీన్‌లో వారం రోజులు అందరూ ఆమెను పల్లె తల్లీ అనే పిలిచారు.

మాఘంలో నాగమణమ్మ కబురు పంపింది. ఆగమ్మ షౌకత్ బీని వెంటబెట్టుకుని వెళ్ళి పెళ్ళికి రెండువందల మందికి బగారా వండింది. మూడు రోజులుండి తిరిగొచ్చాక భర్త భిక్షపతి అడిగాడు:

"పల్లె ఎట్లున్నదే? రొట్టెలు మస్తు తిన్నవా?"

"యాడి రొట్టెలు! మూడు పూటలు నాతోనే బగారా వండిచ్చుకున్నరు," అని ఆగమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది.